వీణ ధనమ్మాళ్ వంశవృక్షంలో తండ్రి గడి ఎందుకు ఖాళీగా ఉంది?

మీరు ఒక్క ప్రశ్న అనుకుని అడిగారు గానీ అందులో మూడున్నాయి. మీ మేనత్తగారి సంగీతం క్లాసులో గోడకు తగిలించడానికి, మద్రాసులో పేరుమోసిన వైణికురాలు వీణ ధనమ్మాళ్ వంశవృక్షం గీస్తున్నారు. తండ్రుల పేర్లు దొరకడం లేదు. ఆమె మనవలు టి. బృంద, టి. ముక్త, టి. బాలసరస్వతి, టి. విశ్వనాథన్ అని అందరి ముందూ ఉన్న ‘టి’ ఏ ఇంటిపేరో తేలలేదు. వీళ్ళు తెలుగు పదాలు (క్షేత్రయ్య రాసినలాంటి శృంగార పాటలు) అంత బాగా పాడారు కదా, అసలు తెలుగువాళ్ళా తమిళులా అన్నది మూడోది. కర్ణాటక సంగీతపు ఇళ్ళ చరిత్ర వెంట ముప్ఫై ఏళ్ళుగా తిరుగుతున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు సులువైనది. ‘టి’ అంటే తంజావూరు. ఇంగ్లీషులో ఆ ఊరు టీతో మొదలవుతుంది కాబట్టి తంజావూరు బృంద టి. బృంద అయ్యారు. పేరు ముందు ఒక అక్షరం కనిపిస్తే ఇంటిపేరే అనుకోవడం మన అలవాటు. అది తాడేపల్లా తుమ్మలపల్లా అని నాతో గంటసేపు సీరియస్‌గా వాదించిన పెద్దాయన ఒకరున్నారు. తమిళుల్లో చాలామందికి మనలాగా ఇంటిపేరు ఉండదు. ఊరి పేరో తండ్రి పేరో ముందు పెట్టుకుంటారు. వీళ్ళు ఊరిని పెట్టుకున్నారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. బృంద 1912లో, బాలసరస్వతి 1918లో పుట్టారు. అప్పటికే వాళ్ళ ఇల్లు మద్రాసుకు వచ్చేసి అర్ధ శతాబ్దం దాటింది. ధనమ్మాళే 1867లో మద్రాసు జార్జిటౌన్‌లో పుట్టింది. అయినా మనవల తరం దాకా తంజావూరు పేరు ముందే ఉంది. ఇతరులు తండ్రి పేరు రాసుకునే చోట వీళ్ళు తమ ముత్తవ్వలకు కొలువిచ్చిన ఊరు రాసుకున్నారు.

ఇక తండ్రి గడి. మీరు కాగితం మీద పైన ఒక పురుషుణ్ణి పెట్టి కిందికి కొడుకుల గీతలు లాగుతున్నారు. అలా గీస్తే ఈ కుటుంబం ఎన్నటికీ కాగితం మీదకు రాదు. ఇది తల్లి నుంచి కూతురికి నడిచిన ఇల్లు. తంజావూరు ఆస్థానంలోనూ గుళ్ళలోనూ పాడి ఆడిన స్త్రీల ఇళ్ళు ఇలాగే ఉండేవి. మన గోదావరి జిల్లాల్లో కళావంతుల మేళాలు కూడా ఈ పద్ధతివే. ఆ ఆడవాళ్ళకు మామూలు పెళ్ళి ఉండేది కాదు. రాజో జమీందారో వర్తకుడో పోషకుడుగా ఉండేవాడు. అతనికి వేరే ఇల్లు, భార్య, పిల్లలు ఉండేవారు. ఇక్కడ పుట్టిన పిల్లలు తల్లి ఇంట్లో, అమ్మమ్మ చేతికింద పెరిగేవారు. ఇల్లు, నగలు, వాయిద్యం, అన్నిటికంటే విలువైన పాటలు కూతుళ్ళకు అందేవి. మగపిల్లలు ఫిడేలో మృదంగమో పట్టేవారు. వాళ్ళకు పెళ్ళి చేసేవారు గానీ వచ్చిన కోడళ్ళను పాటలోకి, ఆటలోకి దింపేవారు కారు. అందుకే చార్టులో మగవాళ్ళ దగ్గర కొమ్మ ఆగిపోతున్నట్టు కనిపిస్తుంది. ఆగడం కాదు, ఆ గీత వేరే రకం సంసారంలోకి వెళ్ళిపోయింది.

కాబట్టి తండ్రి గడి ఖాళీగా ఉంచకండి. అసలు ఆ గడే తీసేయండి. ఖాళీ గడి చూస్తే పిల్లలు ఏదో పోయిందనుకుంటారు, దాచేశారనుకుంటారు. ఒక చార్టులో ‘తండ్రి: అజ్ఞాతం’ అని ఎర్ర ఇంకుతో రాసి ఉండగా చూసి నాకు చాలా బాధేసింది. ఆ ఇంటి లెక్కలో లేని దాన్ని మన లెక్క ప్రకారం లోటు కింద రాయడమే అది.

మన సాహిత్యంలోనే దీనికి దారి చూపినావిడ ఉంది. కావ్యం మొదట్లో కవి తన వంశం చెప్పుకోవడం మన ఆచారం కదా. 18వ శతాబ్దంలో తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ముద్దుపళని తన తెలుగు కావ్యం ‘రాధికాసాంత్వనం’లో తాను తంజనాయకి మనవరాలినని దర్జాగా చెప్పుకుంది. ఆ కావ్యాన్ని 1910లో పూర్తి పాఠంతో మళ్ళీ అచ్చు వేయించింది కూడా ఇలాంటి ఇంటి నుంచే వచ్చిన గాయని బెంగళూరు నాగరత్నమ్మ. నాగరత్నమ్మ, ధనమ్మాళ్ ఒకే కాలంలో మద్రాసులో ఉన్నవాళ్ళు.

ఇప్పుడు గీత పైనుంచి లాగుదాం. మొదటి పేరు పాపమ్మాళ్. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానం పోషించిన గాయని, నర్తకి. బాలసరస్వతిని ఏడో తరం అంటారే, ఆ లెక్క మొదలయ్యేది ఈమె నుంచే. ఆ లెక్కలో ధనమ్మాళ్ ఐదో తరం. ధనమ్మాళ్ అమ్మమ్మ కామాక్షి అమ్మాళ్ కూడా ఆస్థాన నర్తకే. ఈమె కాలంలోనే ఇంటి తలరాత మారింది. 1855లో తంజావూరు రాజు రెండో శివాజీ మగ సంతానం లేకుండా చనిపోయాడు. ఈస్టిండియా కంపెనీ ఆ రాజ్యాన్ని కలిపేసుకుంది. కొలువులు పోయాయి, జీతాలు పోయాయి. నట్టువనార్లు (నాట్యం నేర్పే గురువులు), పాడేవాళ్ళు, వైణికులు మూటాముల్లె సర్దుకుని తలో దిక్కుకూ వెళ్ళారు. చాలామందికి చెన్నపట్నమే దిక్కయింది. అక్కడ జార్జిటౌన్‌లో డబ్బున్న వర్తకులు, దొరల దగ్గర మధ్యవర్తులుగా పనిచేసే దుబాసీలు ఉండేవారు. వాళ్ళలో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. రాజు చేసిన పోషణ ఇప్పుడు సేఠ్‌ల, చెట్టిగార్ల చేతిలోకి వచ్చింది.

కామాక్షి కూతురు సుందరమ్మాళ్. ఈమె నాట్యం వైపు పోలేదు, పాటలో నిలబడింది. నా దృష్టిలో మీ చార్టులో బాగా పెద్ద అక్షరాలతో రాయాల్సిన పేరు ఇదే. ఎవరూ పట్టించుకోరు గానీ, ఈమె నేర్చుకున్నది సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన శ్యామశాస్త్రి కొడుకు సుబ్బరాయశాస్త్రి దగ్గర. అంటే శ్యామశాస్త్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి సుందరమ్మాళ్‌కు, ఆమె నుంచి ధనమ్మాళ్‌కు. మధ్యలో ఇద్దరే ఇద్దరు. శ్యామశాస్త్రి కృతులకు ధనమ్మాళ్ ఇంటి పాఠాంతరాన్ని, అంటే ఆ ఇంట్లో పాడే తీరును, ఇప్పటికీ ప్రమాణంగా ఎందుకు తీసుకుంటారో దీంతో తెలుస్తుంది.

ధనమ్మాళ్ ఇంట్లో నేర్చింది చాలక బయట కూడా నేర్చుకుంది. సాతనూరు పంచనద అయ్యర్ దగ్గర ముత్తుస్వామి దీక్షితర్ కీర్తనలు పట్టింది. వాలాజాపేట బాలకృష్ణదాసు అనే అంధ విద్వాంసుడి దగ్గర క్షేత్రయ్య పదాలు నేర్చుకుంది. ఆయనకు ‘పదం’ బాల్‌దాస్ అనే పేరే పడిపోయింది. జావళీలైతే (చురుకైన చిన్న శృంగార పాటలు) రాసిన మనిషి దగ్గరి నుంచే వచ్చాయి. ధర్మపురి సుబ్బరాయర్ ఆ ఇంటికి బాగా దగ్గరివాడు. ధనమ్మాళ్ తమ్ముడు నారాయణస్వామి ఫిడేలు వాయించేవాడు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి, మీరు చేయకుండా ఉంటారు. ధనమ్మాళ్ అమ్మమ్మ పేరు కామాక్షి. ధనమ్మాళ్ కూతుళ్ళలో ఒకరి పేరు కూడా కామాక్షే. ముత్తవ్వ పేరు మునిమనవరాలికి పెట్టారు, మన ఇళ్ళలో పెట్టినట్టే. మొదట్లో నేను పాత వ్యాసాల నుంచి ఎత్తి రాసుకున్న నోట్సులో ఈ ఇద్దరినీ ఒకరిని చేసేశాను. దాంతో బృంద, ముక్తల తల్లి తంజావూరు రాజు ఎదుట ఆడినట్టు తేలింది! ఒక సభలో ఆ ముక్క చదివి పరువు పోగొట్టుకున్నాను. అప్పటి నుంచి తల్లి పేరు, కూతురి పేరు పక్కపక్కన లేకుండా ఏ ఒంటరి పేరునూ చార్టులోకి ఎక్కించను.

ధనమ్మాళ్‌కు నలుగురు కూతుళ్ళు: రాజలక్ష్మి, లక్ష్మీరత్నం, జయమ్మాళ్, కామాక్షి. ఇద్దరేసి జంటగా పాడేవారు. పదాలకు, జావళీలకు పేరు మోసిన జంటలు. లక్ష్మీరత్నం కొడుకు టి. శంకరన్. ఆ ఇంటి సంగతులు మనకు ఇంతగా తెలిశాయంటే ఆయన రాతలవల్లే చాలావరకు. జయమ్మాళ్ బిడ్డలు బాలసరస్వతి, మృదంగం రంగనాథన్, వేణువు విశ్వనాథన్. కామాక్షి కూతుళ్ళు బృంద, ముక్త, ఫిడేలు అభిరామసుందరి. మనవళ్ళ, మనవరాళ్ళ వరుసలో మద్రాసు సంగీత అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నవాళ్ళు ముగ్గురున్నారు: 1973లో బాలసరస్వతి, 1976లో బృంద, 1988లో విశ్వనాథన్. నర్తకికి ఆ బిరుదు రావడం బాలసరస్వతితోనే మొదలు.

ఇంకో మలుపు కూడా ఉంది. కామాక్షి అమ్మాళ్ తర్వాత మూడు తరాలు ఈ ఇంట్లో గజ్జె కట్టలేదు. సుందరమ్మాళ్ పాడింది, ధనమ్మాళ్ వీణ పట్టింది, కూతుళ్ళు పాడారు. అప్పటికి మద్రాసులో నాట్యానికి రోజులు బాగాలేవు. 1892-93 ప్రాంతంలో మేజువాణీలకు, అంటే వేడుకల్లో ఇలాంటి స్త్రీల ఆటపాటలకు, వ్యతిరేకంగా పెద్ద ఉద్యమం లేచింది. మన వైపు వీరేశలింగం పంతులుగారు ముందే మొదలుపెట్టారు. ఆ హోరులో 1925లో ఏడేళ్ళ పిల్లకు కాంచీపురంలో గజ్జె కట్టించడమంటే గుండె ధైర్యం ఉండాలి. ఆ పిల్లే బాలసరస్వతి. నట్టువనారు కందప్ప పిళ్ళై. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ అంకితాన్ని చట్టంతో ఆపేసింది. దాంతో ఆడపిల్లలకు జరిగిన అన్యాయాలు ఆగిన మాట నిజమే. అదే ఊపులో ఎన్నో ఇళ్ళు తమ అమ్మమ్మల పేర్లు కూడా పెట్టెల్లో పెట్టి తాళం వేసుకున్న మాటా నిజమే. ధనమ్మాళ్ ఇల్లు అలా చేయలేదు. అందుకే మనం ఇవాళ ఈ చార్టు గీయగలుగుతున్నాం.

తెలుగా తమిళమా అన్న దానికి నా సమాధానం: ఇంట్లో మాట తమిళం, పాటలో మాట తెలుగు. ఇందులో వింతేమీ లేదు. తంజావూరును నాయక రాజులు ఏలినప్పుడు ఆస్థాన భాష తెలుగు. 1670లలో మరాఠీలు వచ్చినా తెలుగు కావ్యాలు, యక్షగానాలు ఆగలేదు. షాహాజీ మహారాజు తానే తెలుగులో రాశాడు. క్షేత్రయ్య పదాలు 17వ శతాబ్దంలో విజయరాఘవ నాయకుడి కాలం నుంచీ అక్కడ చెలామణిలో ఉన్నాయి. తర్వాత త్యాగరాజు, శ్యామశాస్త్రి కీర్తనలు, తంజావూరు ఆస్థాన నాట్యాచార్యులైన పొన్నయ్య సోదరుల వర్ణాలు, అన్నీ ఎక్కువ భాగం తెలుగే. కావేరి ఒడ్డున నర్తకికి తెలుగు రాకపోతే పని జరగదు. క్షేత్రయ్య ఊరైన కృష్ణాజిల్లా మొవ్వలో పుట్టిన పదం మొవ్వలో మరుగున పడి జార్జిటౌన్ మేడమీద బతికింది అంటే మనకు కాస్త సిగ్గు, కాస్త సంతోషం రెండూ కలగాలి.

ఆ తెలుగు ఎలా బతికిందో నా కళ్ళతో చూశాను. నాకు పదాలు చెప్పిన గురువుగారు తమిళులు. మొదటిరోజు ఆవిడ తెరిచిన నోటుబుక్కు చూసి నేను లెక్కల పుస్తకం అనుకున్నాను. తమిళ అక్షరాల నెత్తిన 2, 3, 4 అంకెలు! తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ అక్షరం ఒక్కటే. అందుకని ఖ కావాలంటే పైన 2, గకు 3, ఘకు 4 వేసుకుంటారు. క్షేత్రయ్య ముద్ర ‘మువ్వగోపాల’లో గ మీద చిన్న 3 కనిపించింది. ఎవరో ఒకరు, ఎప్పుడో, దీపం పక్కన కూర్చుని, తాము మాట్లాడని భాషలో ఒక్కో హల్లు ఒత్తు పోకుండా అంకె వేసుకున్నారు. కొన్నిచోట్ల అంకె చెరిగిపోయింది, అక్కడ ఉచ్చారణ కూడా జారింది. అలాంటిచోట మనవాళ్ళు ‘తప్పు పాడుతున్నారు’ అని నవ్వుతారు. నేనూ నవ్వాను. గురువుగారు ఏమీ అనకుండా అదే పంక్తి మళ్ళీ పాడారు. ఆ స్వరాల మలుపు పలికిన తీరు విన్నాక నోరు మూసుకున్నాను.

మీ మేనత్తగారు పదాలు చెబుతుంటే అడిగి చూడండి, పల్లవితో ఎత్తుకుంటారా, దాని తర్వాత రావలసిన అనుపల్లవితో ఎత్తుకుంటారా? పదాన్ని అనుపల్లవి నుంచి మొదలుపెట్టి తర్వాత పల్లవికి రావడం ధనమ్మాళ్ ఇంటివాళ్ళ పాటలో తరచు వినిపిస్తుంది. కాలం బాగా విళంబంగా, అంటే నెమ్మదిగా, ఉంటుంది. ఇలాంటి గుర్తులు కూడా వంశచరిత్రలో భాగమే. ముక్కు, కళ్ళు చూసి ఫలానా వాళ్ళ పిల్ల అన్నట్టే, ఎత్తుగడ విని ఫలానా ఇంటి పాఠాంతరం అని చెప్పేవాళ్ళు ఉన్నారు.

ధనమ్మాళ్ వీణ వినాలంటే 1930ల మొదట్లో తీసిన గ్రామఫోన్ రికార్డులే దిక్కు. ఒక్కో పక్క మూడు నిమిషాలు. గరగర ఎక్కువ, వీణ తక్కువ అనిపిస్తుంది మొదట. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రెండోసారి వినండి. ఆవిడ తీగ మీటడానికి వేలికి తొడిగే నఖి వాడలేదు, ఉత్త వేళ్ళతో మీటేది. మీటు చప్పుడు దాదాపు ఉండదు, తీగ మీద గమకం మాత్రం గొంతులాగే సాగుతుంది. వాయిస్తూనే పాడేది కూడా. మద్రాసులో రామకృష్ణ వీధిలో ఆవిడ ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు జరిగే కచేరీకి ఊళ్ళో విద్వాంసులు వచ్చి నేలమీద కూర్చునేవారు. మైకు లేదు. ఉత్తవేళ్ళ వీణ వినపడాలంటే చీమ చిటుక్కుమనకూడదు. చివరి ఏళ్ళలో చూపు బాగా మందగించింది, డబ్బుకూ ఇబ్బందే. 1938 అక్టోబరు 15న పోయింది. అప్పటికి బృందకు ఇరవయ్యారేళ్ళు నిండబోతున్నాయి, బాలసరస్వతికి ఇరవై. పాటలు చేతులు మారడానికి వ్యవధి దొరికింది. ఆ తర్వాత విశ్వనాథన్, రంగనాథన్ అమెరికాలో కనెక్టికట్‌లోని వెస్లియన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. క్షేత్రయ్య అక్కడి పిల్లల నోటికీ వెళ్ళాడు.

ప్రశ్న చివర ‘మా ఊళ్ళో కూడా ఇలాంటి పాత మేళం ఇల్లు ఉండేదట, వాళ్ళ చరిత్ర రాయొచ్చా’ అన్నారు. రాయొచ్చు. జనాభా లెక్కల వెంట మాత్రం పడకండి. 1871 నుంచీ లెక్కలు ఉన్నాయి గానీ అందులో మొత్తాలే మిగిలాయి, మనుషుల పేర్లు దొరకవు. గుడికి సంబంధించిన మేళం అయితే 1860 ప్రాంతపు ఇనాం రిజిస్టర్లు చూడండి. దేవుడి సేవ కోసం నర్తకులకు ఇచ్చిన మాన్యాలు వాటిలో ఎక్కాయి, అనుభవిస్తున్నవారి పేరుతో సహా. ఆడమనిషి పేరు భూమి కాగితం మీద, హక్కుదారుగా, అంత పాతకాలంలో కనిపించే చోట్లు చాలా తక్కువ. ఆస్థానపు మేళం అయితే సంస్థానం లెక్కలు చూడాలి. తంజావూరు మరాఠీ రాజుల కాగితాలు మోడీ అనే పాత మరాఠీ గొలుసుకట్టు లిపిలో ఉంటాయి, చదివేవాళ్ళను వెతుక్కోవాలి. ఆస్తి తగాదాలు కోర్టుకెక్కిన ఇళ్ళయితే దావా కాగితాల్లో మూడు తరాల ఆడవాళ్ళ పేర్లు వరసగా దొరుకుతాయి. తగాదా పడ్డవాళ్ళకు మనం రుణపడి ఉండాలి.

ఒక్క షరతు. ఆ ఇంటివాళ్ళు ఇప్పుడు ఎక్కడో ఉద్యోగాలు చేసుకుంటూ ఉంటారు. పిల్లల సంబంధాలు, ఊళ్ళో మాటలు, రకరకాల టెన్షన్లు ఉంటాయి. వాళ్ళు వద్దంటే పేర్లు మార్చడం కాదు, రాయడమే ఆపేయండి. ధనమ్మాళ్ కుటుంబం గురించి ఇంత స్వేచ్ఛగా రాస్తున్నానంటే వాళ్ళే ముందుకొచ్చి చెప్పుకున్నారు కాబట్టి.

చార్టు విషయానికొస్తే, తల్లీకూతుళ్ళకు నిండు గీత లాగండి, గురువులకు చుక్కల గీత. సుబ్బరాయశాస్త్రి నుంచి సుందరమ్మాళ్‌కు ఒకటి. బాల్‌దాస్ నుంచి, పంచనద అయ్యర్ నుంచి ధనమ్మాళ్‌కు చెరొకటి. కాంచీపురం నాయనా పిళ్ళై నుంచి బృంద, ముక్తలకు, కందప్ప పిళ్ళై నుంచి బాలసరస్వతికి. మీ మేనత్తగారి గురువుల వరస పైకి వెళ్ళి ఈ పేర్లలో దేనికైనా తగులుతుందేమో కనుక్కోండి. తగిలితే ఆవిడ పేరూ కింద చుక్కల గీత చివర వేయండి. అన్ని గీతలు పట్టాలంటే ఎ4 కాగితం చాలదు, పాత క్యాలెండరు వెనకవైపు తీసుకోండి.